ఎరుపు వైపు జరిగిన గీత

ఖగోళశాస్త్రంలో పనిచేసిన తొమ్మిదేళ్ళలో నేను టెలిస్కోప్‌కు కన్ను ఆనించి చూసింది రెండే రెండు సార్లు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. నా పనంతా పగటిపూట, ట్యూబ్‌లైటు కింద, కంప్యూటర్ ముందు జరిగేది. విదేశంలో ఎక్కడో ఒక పెద్ద టెలిస్కోప్ పట్టిన వెలుగును రంగులుగా విడదీసి, ఆ వర్ణపటాలను అందరికీ అందుబాటులో పెట్టేవారు. నేను వాటిని దింపుకుని గీతల కోసం వెతికేదాన్ని. పొద్దున తొమ్మిదిన్నరకు కాటన్‌పేటలో బస్సెక్కి సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వచ్చేదాన్ని. మా వీధి వాళ్ళ లెక్కలో నేను ఏదో ఆఫీసులో గుమాస్తాని.

మాది మూడు తరాలుగా కన్నడ రాజధానిలోని కాటన్‌పేటలో టైలరు సామాను టోకుగా అమ్మే తెలుగు ఇల్లు. దారపు రీళ్ళు, నాడాలు, గుండీలు, ఎలాస్టిక్ చుట్టలు. కింద అంగడి, పైన కాపురం. నేను డిగ్రీలో ఉండగానే అమ్మ పోయింది. ఆ తర్వాత మిగిలింది నాయనా, నేనూ. నాయన చదువు పదో తరగతితో ఆగిపోయింది. నాకు డాక్టరేట్ వచ్చినప్పుడు వీధంతా మైసూర్‌పాక్ పంచాడు గానీ, నేను ఏం చదివానో ఆయనకు తెలియదు. అడగడానికి మొహమాటపడ్డాడని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అంగట్లో బేరం లేని వేళ, చివరికి అడిగాడు. "ఇన్నేండ్లుగా పోతాండావు గదమ్మా. ఎవురన్నా అడిగితే నేనేమని చెప్పల్ల? నాకు అర్థమయ్యేట్ల ఒకసారి చెప్పు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఏ వస్తువు మండినా దాని వెలుగులో దాని గుర్తులు ఉంటాయని, హైడ్రోజన్ అయితే ఫలానా చోట్ల గీతలు పడతాయని, ఆక్సిజన్‌వి వేరే చోట్ల పడతాయని, ఇక్కడ ప్రయోగశాలలో చూసినా ఆకాశంలో చూసినా ఆ గీతల వరస మారదని. దూరపు గెలాక్సీల వెలుగులో అవే గీతలు అదే వరసలో ఉంటాయి గానీ, మొత్తం పటం ఎరుపు వైపుకు జరిగి ఉంటుందని. దానికి నాయన, ఆడ మనకు తెలియని వస్తువేదో మండుతోందేమో, అందుకే గీత వేరే చోట పడిందేమో అన్నాడు. మా ఎమ్మెస్సీ క్లాసులో ఎవరూ అడగని ప్రశ్న అది. ఒక్క గీతే జరిగి ఉంటే ఆ అనుమానం నిజమే కావచ్చునని, అన్ని గీతలూ ఒకే నిష్పత్తిలో జరిగాయి కాబట్టే నమ్ముతున్నామని చెప్పాను.

"అంటే గుండీల నడుమ ఎడం అదే లెక్కలో ఉండాది, చొక్కా మాత్రం పెద్ద సైజుది. అంతేనా?"

అంతే అన్నాను. ఎందుకు జరిగిందంటే అంతా సాగుతోంది కాబట్టి అనగానే, ఆయనే ఎలాస్టిక్ చుట్ట ఒకటి లాగి నా ముందు పెట్టాడు. దాని మీద సుద్దతో సమానమైన దూరాల్లో గుర్తులు పెట్టి, ఒక కొస ఆయన చేతికిచ్చి, రెండో కొస నేను పట్టుకుని లాగాను. ఆయన చేతికి దగ్గరి గుర్తు కొంచెమే జరిగింది. దూరపు గుర్తు చాలా జరిగింది. మధ్యలో ఏ గుర్తు మీద కూర్చుని చూసినా ఇంతే, పక్కవన్నీ దూరమవుతూ ఉంటాయి, ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా. ఆకాశంలో ఏ దిక్కు చూసినా మాకు కనిపిస్తున్నది ఇదే అని చెప్పాను. గెలాక్సీలు పరుగెత్తడం కాదు, వాటి మధ్య ఉన్న జాగా సాగుతోంది. ఆ జాగాలో కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసే వెలుగు అల కూడా దానితోపాటే సాగుతుంది. నీలం వెలుగుది పొట్టి అల, ఎరుపుది పొడుగు అల. కాబట్టి సాగిన వెలుగు ఎరుపు వైపుకు జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే, ఆ వెలుగు బయలుదేరినప్పటి నుంచి విశ్వం ఎన్ని రెట్లు సాగిందో తెలుస్తుంది.

నాయన ఎలాస్టిక్ కొస వదలకుండా, "నడిమధ్యన ఎవురుండారు?" అని అడిగాడు.

"ఎవరూ లేరు నాయనా. మధ్య అనేదే లేదు."

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. అయినా మర్నాటి నుంచి అంగడికి వచ్చిన ప్రతి టైలరుకూ ఎలాస్టిక్ లాగి చూపించడం మొదలుపెట్టాడు.

ఆ సంవత్సరమే మా ప్రాజెక్టులోకి ఒక అమ్మాయి సహాయకురాలిగా చేరింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. వాళ్ళది మదనపల్లె వైపు పల్లె. నాన్న ఊరి చివర జిగణిలో గ్రానైటు కోసే ఫ్యాక్టరీలో పని, అమ్మ బట్టల ఫ్యాక్టరీలో. జిగణి నుంచి మా పరిశోధన సంస్థకు రెండు బస్సులు మారి వచ్చేది. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం, విదేశంలో పీహెచ్‌డీ సీటు కోసం ప్రయత్నం. నన్ను అక్కా అనేది. మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలు పంచుకుని తినేవాళ్ళం. మా ప్రాజెక్టు గైడు మైసూరావిడ, రిటైర్‌మెంటుకు దగ్గరగా ఉండేది. ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. పని అంతా మా ఇద్దరికీ వదిలేసింది.

ఆ అమ్మాయి చేరిన ఐదో నెలలో ఆ గీత నాకు కనిపించింది.

వేల వర్ణపటాల్లో ఒకటి. దాదాపు అంతా ఖాళీ. కంటికి కనిపించే ఎరుపుకు కాస్త అవతల, ఒక్క చోట మాత్రం పదునైన గీత ఒకటి నిలబడి ఉంది. ఇంకే గీతా లేదు. నాయన అడిగిన ప్రశ్నే ఇప్పుడు నా ముందుకు వచ్చింది. ఒక్క గీతను చూసి అది ఎవరిదని చెప్పడం?

రెండు దారులు ఉన్నాయి. అది హైడ్రోజన్‌ది అయితే, అసలు అతినీలలోహిత వెలుగుగా పుట్టిన అల ఏడున్నర రెట్లు సాగి ఇక్కడికి వచ్చినట్టు. అంటే దాదాపు పదమూడు వందల కోట్ల ఏళ్ళ కిందట, విశ్వం పసితనంలో బయలుదేరిన వెలుగు. ఆక్సిజన్‌ది అయితే రెండున్నర రెట్లే సాగినట్టు. అలాంటి గెలాక్సీలు అప్పటికే లెక్కలేనన్ని తెలుసు, ఎవరూ పట్టించుకోరు. ఆక్సిజన్ అక్కడ వేసేది నిజానికి రెండు గీతలు, పక్కపక్కనే. మా పటంలో స్పష్టత తక్కువ కాబట్టి రెండూ కలిసి ఒకటిగా కనిపించవచ్చు. హైడ్రోజన్ గీత అయితే ఒక అంచు నిటారుగా, ఇంకో అంచు వాలుగా ఉంటుంది. నాకు వాలు కనిపించింది. కనిపించాలని చూస్తే ఆ పటంలో ఏదైనా కనిపించేది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆ ఎరుపు ప్రాంతంలో మన భూమి గాలి కూడా సన్నగా మెరుస్తుంది, దాని గీతలు అడ్డం వస్తాయి. వాటిని లెక్క ప్రకారం తీసేయాలి. ఆ పని ఆ అమ్మాయి చేసింది. మూడో రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, గీత కొసన చిన్న నొక్కు ఉందని చూపించింది.

"రెండు తీర్లుగా తీసి చూసినానక్కా. పోలేదు. ఇది ఒకటి కాదు, రెండు గీతలేమో."

నేను పటం చూశాను. అది గాలి గీత తాలూకు మిగులు అని చెప్పాను. ఇంకా గట్టిగా తుడిచి, పటాన్ని మరికాస్త నునుపు చేయమన్నాను. తను సరే అంది. సాయంత్రానికి నొక్కు పోయింది. అంత నునుపు చేస్తే ఏ నొక్కైనా పోతుంది.

ఆ గీత హైడ్రోజన్‌దేనని మేం రాసిన పేపరు అచ్చయింది. మొదటి పేరు నాది, రెండోది ఆ అమ్మాయిది, చివర గైడుది. మా సంస్థ పత్రికలకు ఒక ప్రకటన ఇచ్చింది. ఒక కన్నడ దినపత్రిక లోపలి పేజీలో నా ఫొటో వేసింది. నాయన ఆ ముక్క కత్తిరించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, గల్లాపెట్టె వెనక గోడకు కొట్టాడు.

ఆయన కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది ఆ నెలలోనే. వారానికి మూడు రోజులు డయాలసిస్, ప్రతిసారీ నాలుగు గంటలు. మా ఇంటికి దగ్గరలోనే ఒక కేంద్రం ఉండేది. ఎనిమిది మంచాలు వరసగా, ఎనిమిది మెషిన్లు. మంగళ, గురు, శనివారాలు నేను లాప్‌టాప్ పట్టుకుని ఆయన పక్కన కూర్చునేదాన్ని. చేతిలోంచి రక్తం గొట్టంలోకి పోయి తిరిగి వస్తూ ఉంటే, నాయన ఎదురుమంచం వాళ్ళకు నా గెలాక్సీ గురించి చెప్పేవాడు. పదమూడు నూర్ల కోట్ల ఏండ్ల కిందటి వెలుగును మా పాప పట్టుకుందని. అక్కడి నర్సులు నన్ను ఆ మాటతోనే గుర్తుపట్టేవారు. అంత నొప్పిలో ఆయన ముఖం వెలిగేది ఆ ఒక్క కథ చెప్పేటప్పుడే.

ఒక గురువారం ఆ గదిలో కూర్చుని ఉండగానే ఈమెయిల్ వచ్చింది. వేరే దేశంలో ఇంకో బృందం అదే గెలాక్సీని ఇంకా స్పష్టమైన పరికరంతో చూసింది. గీత రెండుగా విడిపోయింది. ఆక్సిజన్. వాళ్ళు చాలా మర్యాదగా రాశారు. పటం జతపరిచారు. మేమే ముందుగా సవరణ ప్రకటిస్తే బాగుంటుందని, అందుకోసం తమ పేపరు కొన్ని వారాలు ఆపుతామని అన్నారు. గైడుకూ నాకూ కలిపి పంపారు.

పటం తెరిచి చూశాను. రెండు గీతలు పక్కపక్కనే, మధ్యలో సందు. చిన్నపిల్లలకు చూపించినా రెండు అనే చెబుతారు. పక్క మంచం మీద నాయన ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

గైడు ఆ సాయంత్రమే ఫోన్ చేసి, ఇది ఎవరికైనా జరుగుతుందని, రెండు పేజీల సవరణ రాసి పంపితే గౌరవంగా ముగిసిపోతుందని చెప్పింది. ఆవిడ గొంతులో కోపం లేదు. నేను మన డేటా మళ్ళీ ఒకసారి సరిచూసి రాస్తానన్నాను. సరిచూడడానికి ఏమీ లేదని నాకు తెలుసు. వారం గడిచింది. ఆవిడ అడిగితే ఇంకా చూస్తున్నానన్నాను. ఇంకో వారం. నాయనకు చేతిలో సూది గుచ్చే చోటు వాచిపోయి ఆపరేషన్ అయింది, ఆ వంకతో ఇంకో రెండు వారాలు. ఆ అమ్మాయికి అసలు ఈమెయిల్ సంగతే చెప్పలేదు. తను అప్పుడు విదేశీ యూనివర్సిటీకి దరఖాస్తు పూర్తి చేస్తోంది. మా పేపరే దానికి ఆధారం. సిఫారసు ఉత్తరం రాసింది నేనే. రోజూ డబ్బా తెరిచి నా పళ్ళెంలో పచ్చడి వేస్తుంటే తల దించుకుని తినేదాన్ని.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నాయన కోసమని అప్పట్లో అనుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. మిగతాది పిరికితనం.

ఆరు వారాలు చూసి వాళ్ళు తమ పేపరు వేసేశారు. అందులో మా పటం, వాళ్ళ పటం ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మా పటాన్ని అతిగా నునుపు చేశారని ఒక్క వాక్యం రాశారు. ఆ వాక్యం చదివి మా సంస్థలో విచారణ పెట్టారు. పెద్ద గది, ఐదుగురు, ఒక్కొక్కరి ముందూ నీళ్ళ సీసా. తప్పు గాలి గీతలను తీసేసే దశలో జరిగిందని వాళ్ళే తేల్చుకుని, ఆ పని ఎవరు చేశారని అడిగారు.

ఆ అమ్మాయి నేనే చేశానని చెప్పింది. చెప్పి నా వైపు చూసింది. నేను అప్పుడు అనాల్సింది ఒక్క మాట. ఈ అమ్మాయి ముందే చెప్పింది, నేనే తుడిపించాను అని. నోరు తెరిస్తే ఐదు సెకన్ల పని. నేను లాప్‌టాప్ వైపు చూస్తూ ఉండిపోయాను. గైడుకు ఆ నొక్కు సంగతి తెలియదు. ఒకాయన కన్నడంలో, అనుభవం లేనివాళ్ళకు ఇలాంటి పని ఒప్పగించకూడదు అన్నాడు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. విచారణ అయిపోయింది.

నెల చివర తన ఉద్యోగం పొడిగించలేదు. విదేశీ యూనివర్సిటీ నుంచి కూడా కాదని జవాబు వచ్చింది. తను బల్ల సర్దుకుని వెళ్ళిపోయిన రోజు శనివారం. నేను డయాలసిస్ కేంద్రంలో ఉన్నాను. ఆ రోజు వెళ్తుందని నాకు తెలుసు.

నాయనకు అంతా చెప్పింది ఆ తర్వాత మూడు వారాలకు. ఆయన అడగలేదు. అంగట్లో ఎవరికో ఎలాస్టిక్ లాగి చూపిస్తూ పదమూడు నూర్ల కోట్లు అంటుంటే మెట్ల మీద నిలబడి వినలేకపోయాను. వచ్చినతను వెళ్ళగానే చెప్పేశాను. గీతలు రెండని, వెలుగు అంత పాతది కాదని, నేను పొరపడ్డానని.

ఆయన మొదట పెద్దగా బాధపడలేదు. "అయితే ఎన్నేండ్లది?" అన్నాడు. తొమ్మిది వందల కోట్లకు కాస్త పైన అన్నాను. అదీ తక్కువేం కాదులే అన్నట్టు తల ఊపాడు. ఆ తర్వాత, "నీవే చెప్పినావు గదమ్మా, ఒక్క గుండీ చూసి చొక్కా చెప్పగూడదని. నీకెవురూ చెప్పలేదా?" అన్నాడు.

అప్పుడు ఆ అమ్మాయి సంగతి చెప్పాను. నొక్కు చూపించడం, నేను తుడిపించడం, గదిలో నేను మాట్లాడకపోవడం. చెబుతూ ఉంటే నాయన ముఖం మారిపోయింది. నా జీవితంలో ఆయన నన్ను కొట్టింది లేదు, తిట్టింది లేదు. ఆ రోజూ తిట్టలేదు. లేచి గోడ మీది పత్రిక ముక్క ఊడదీసి, గుండీల డబ్బాల కింద సొరుగులో పెట్టాడు. సొరుగు మూసి అన్నాడు.

"లెక్క తప్పేది అందురికీ ఉండాది. ఆ పిల్ల నోరు ఎందుకు మూసినావు?"

ఆ అమ్మాయి ఇల్లెక్కడని అడిగాడు. జిగణి అని చెప్పాను. ఆదివారం పోదామన్నాడు. ఒంట్లో బాగాలేదు, ఎండ, అంత దూరం అని ఎన్ని చెప్పినా వినలేదు.

క్యాబ్‌లో గంటన్నర పట్టింది. గ్రానైటు దుమ్ముతో ఆ వీధిలో చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. పది గదులు వరసగా ఉన్న ఒక వఠారంలో నాలుగో గది వాళ్ళది. ఆమె అమ్మ బయట బట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి కంగారుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసింది. నేను తన కూతురు చెప్పే అక్కనని తెలిసి నవ్వుతూ పలకరించింది. ఇంట్లో ఆ అమ్మాయి ఏమీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

నాయన కూర్చోలేదు. వాచిన చేత్తో కుర్చీ వీపు పట్టుకుని నిలబడి అన్నాడు. "మా పాప మీ పాపకు అన్యాయం చేసిందమ్మా. తప్పు మాది. మీ పాపది కాదు. అది మీకు చెప్పి పోదామని వచ్చినా."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. లోపలి నుంచి ఆ అమ్మాయి వచ్చింది. చిక్కిపోయింది. నన్ను చూడలేదు. నాయన చేతిని, దాని మీది కట్టును చూసింది. "ఎండలో ఎందుకు వచ్చినారు తాతా, కూర్చోండి" అని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎక్కువ నీళ్ళు తాగకూడదని చెప్పి నాయన రెండే గుటకలు తాగాడు. కాఫీ పెడతామన్నారు, వద్దన్నాడు. పావుగంటకు బయలుదేరాం. ఆ పావుగంటా ఆ అమ్మాయి నాయనతోనే మాట్లాడింది. వాళ్ళమ్మ మాత్రం క్యాబ్ దాకా వచ్చి, మా పాపకు మళ్ళీ ఆడ పని దొరుకుతాదా అని నన్ను అడిగింది. చూస్తాను అన్నాను. ఇంకేమంటాను.

మర్నాడు సంస్థకు ఉత్తరం రాశాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు, తేదీలతో సహా. ఆ అమ్మాయి మొదట పంపిన పటాన్ని కూడా జతచేశాను. నొక్కు అందులో స్పష్టంగా ఉంది. గైడు తన గదికి పిలిచింది. ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి, అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. ఇది నాలుగు నెలల ముందు చెప్పి ఉంటే ఇద్దర్నీ కాపాడగలిగేదాన్ని అని మాత్రం అంది. సంస్థ నుంచి రెండు పంక్తుల జవాబు వచ్చింది. విషయం రికార్డులో చేర్చామని, ఆ ఉద్యోగంలో ఇప్పటికే వేరొకరు చేరారని. నేను రాజీనామా ఇచ్చాను. ఎవరూ ఆపలేదు.

నాయన ఆషాఢంలో పోయాడు. చివరి నెలల్లో డయాలసిస్ గదిలో నా గురించి ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొత్తగా వచ్చిన నర్సు ఒకామె, మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే, ఇంట్లోనే ఉండాదమ్మా అన్నాడు. పక్కనే ఉన్నాను. ఆ మాటలో కోపం లేదు, దాపరికం లేదు. చెప్పడానికి ఇంకేమీ లేదు, అంతే.

పదకొండో రోజున ఆ అమ్మాయి వచ్చింది. ఎవరి ద్వారా తెలిసిందో తెలియదు. ఫొటో ముందు పూలు పెట్టి కాసేపు కూర్చుంది. జిగణిలోనే ఒక ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పనిలో చేరానని, లోహపు ముక్కల కొలతలు సరిచూడడమే పని అని బంధువులెవరో అడిగితే చెప్పింది. లేస్తుంటే నేనూ లేచి, బస్టాండు దాకా వస్తానన్నాను. వద్దనలేదు.

మెజెస్టిక్ వైపు నడుస్తూ, మళ్ళీ దరఖాస్తు చేయమని, ఈసారి జరిగిందంతా వివరంగా రాసి ఉత్తరం ఇస్తానని అన్నాను.

"వద్దక్కా. మీరు రాస్తే ఇప్పుడు ఎవురు నమ్ముతారు?"

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే ఆలోచించి చెప్పింది. నాకూ అది నిజమే అనిపించింది. బస్సు కోసం నిలబడ్డాక, ఒకటి అడుగుతానంది.

"ఆ పొద్దు నేను చూపించినప్పుడు మీకు నిజంగా కనపడలేదా?"

బస్సులు, కండక్టర్ల కేకలు, జనం. అబద్ధం చెప్పడానికి అంతకన్నా తేలికైన చోటు ఉండదు.

"కనపడింది" అన్నాను.

తను తల ఊపింది. జిగణి బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, సంచిని ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తూ ఉండిపోయింది. బస్సు కదిలి, మలుపు తిరిగి, వెళ్ళిపోయింది. తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. మూడోసారికి ఆ నంబరు పని చేయడం లేదు.

అంగడి బాడుగకు ఇచ్చేశాను. ఇప్పుడు బెళ్ళందూరులో ఒక కంపెనీలో పని. ఏ పేటలో రేపు ఎన్ని పాల ప్యాకెట్లు అడుగుతారో ముందుగా అంచనా వేయాలి. పని బాగానే చేస్తానంటారు. అంచనా తప్పితే కొన్ని పాలు విరుగుతాయి, ఎవరూ విచారణ పెట్టరు. ఒకసారి క్యాంటీన్‌లో పక్కన కూర్చున్న కుర్రాడు, నా పాత చదువు గురించి ఎక్కడో విని, విశ్వం సాగుతోందని ఎలా తెలుస్తుంది మేడమ్ అని అడిగాడు. చాలా లక్షల గెలాక్సీల వెలుగు కొలిచారు, మరీ దగ్గరి కొన్నిటిది తప్ప అన్నిటిదీ ఎరుపు వైపుకే జరిగింది, దూరం కొద్దీ ఎక్కువగా జరిగింది, అని మొదలుపెట్టాను. అంతా నిజమే. ఆ సత్యానికి నా గీత అవసరం ఎప్పుడూ లేదు, నా తప్పు వల్ల దానికి ఒక గీటు కూడా పడలేదు. చెప్పడం మధ్యలోనే ఆపేశాను. నెట్‌లో మంచి వీడియోలు ఉన్నాయి చూడు అని చెప్పి పళ్ళెం తీసుకుని లేచాను.

కొత్త పేపర్ల జాబితా ఇప్పటికీ ప్రతి సోమవారం తెరుస్తాను. పేపర్లు చదవను. రచయితల పేర్లు మాత్రం పై నుంచి కిందకు చూస్తాను, ఆ అమ్మాయి పేరు ఉందేమోనని. ఇప్పటిదాకా లేదు.